సాయమ్మ గడ్డి, సదయ్య బెల్లం

గోదావరిఖని చౌరస్తాలో టాంగాల అడ్డా దగ్గర రోజూ పొద్దున్నే పచ్చిగడ్డి మోపు దించే సాయమ్మకు గుర్రమంటే గౌరవం. గుర్రం తోలే మనిషంటే మాత్రం ఒళ్ళు మంట. ఒక్కొక్క టాంగా దగ్గర ఆగి ముందు గుర్రాన్ని పలకరించేది. తర్వాత దాని వెనక పడ్డ లద్దిని చూసేది. ఆ తర్వాతే, అదీ బుద్ధి పుడితే, దాని యజమాని వంక తిరిగేది. తిరిగాక ఆమె నోట్లోంచి మంచిమాట వచ్చిందని ఆ అడ్డాలో ఎవరూ ఒట్టేసి చెప్పలేరు.

"నర్సింగమన్నా, రాత్రి నువ్వేం తిన్నవో నాకెర్క లేదుగని, నీ గుర్రం ఏం తిన్నదో ఈ లద్ది చెప్తాంది. పులిసిన తవుడు. మా వదినె నీకు గసొంటి కూడు పెడితె ఊకుంటవా? తలె ఇసిరి కొట్టవా?"

నర్సింగం అడ్డాకంతటికీ పెద్దమనిషి. జరీ తలపాగా, మెలి తిప్పిన మీసం, పోలీసు జమేదారుతో కలిసి చాయ్ తాగేంత పలుకుబడి. అంతటివాడూ సాయమ్మ ముందు పళ్ళికిలించి, "నీ నోట్ల నోరు పెట్టుడు నాతోటి గాదు చెల్లే" అని జారుకునేవాడు. ఎందుకంటే తవుడు నిజంగానే పులిసింది. ఆమె చెప్పింది ప్రతిసారీ నిజమే కావడం అడ్డావాళ్ళ అసలు బాధ. అబద్ధమైతే కలబడేవాళ్ళే.

అరవై ఆరు, అరవై ఏడు నాటి సంగతి. బొగ్గు బాయిలు ఒకదాని వెంట ఒకటి తెరుచుకుంటున్నాయి. రామగుండం స్టేషన్లో బండి ఆగితే చాలు, రేకు పెట్టెలతో, పిల్లాపాపలతో జనం దిగిపోతున్నారు. అక్కడినుంచి ఖనికి మూడు కోసుల దారి. బస్సు వచ్చిన రోజు వచ్చినట్టు, రాని రోజు రానట్టు. అందుకని టాంగాలు పుట్టుకొచ్చాయి. నిన్నటిదాకా మేకలు కాసినవాడు, కల్లు అమ్మినవాడు, ఏ పనీ చేయనివాడు, అందరూ గుర్రాలవాళ్ళయిపోయారు. కొరడా పట్టడం రెండు రోజుల్లో వచ్చేసింది. గుర్రానికి కడుపు ఒకటుంటుందన్న సంగతి మాత్రం చాలామందికి చివరిదాకా తెలిసిరాలేదు.

వాళ్ళ పద్ధతి ఇది. తెల్లవారుజామున గుర్రాన్ని ఖాళీ కడుపుతో బండికి కట్టాలి. మధ్యాహ్నం దాకా మనుషులను మోయించాలి. కట్టు విప్పగానే, ఒళ్ళంతా చెమటలు కారుతుండగానే, మూతికి సంచి తగిలించి పచ్చి ఉలవలు ఒక్కసారే కుమ్మరించాలి. అవి లోపలికి పోయాక కుండెడు నీళ్ళు తాగించాలి. ఆపైన గుర్రం తన పొట్ట వంక తిరిగి చూస్తూ కాలితో నేల గీరుతుంటే, "దీనికి దిష్టి తాకింది" అని మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేయాలి.

ఇది చూసినప్పుడల్లా సాయమ్మ తుపుక్కున ఉమ్మేది.

ఆమె తండ్రి యోనా మంథని వైపు ఒక దొర గడిలో గుర్రాలను చూసుకునే సయీసు. గుర్రాల కొట్టంలోనే వంట, అక్కడే పడక. తల్లిలేని పిల్ల గనక సాయమ్మ కూడా ఆ కొట్టంలోనే పెరిగింది. దొర మీద యోనాకు పెద్దగా గౌరవం లేదు. గుర్రమెక్కడం తప్ప గుర్రం గురించి ఆయనకేమీ తెలియదని కూతురితో గుసగుసగా అనేవాడు. గుర్రానికి ఒళ్ళు ఇంత ఉంది కదా అని తిండిసంచి కూడా అంతే ఉంటుందనుకోవద్దనేవాడు. అది చిన్నది. పొద్దంతా కొంచెం కొంచెం గడ్డి నములుతూ తిరగాల్సిన జీవం అది. మనకు తిన్నది పడకపోతే కక్కేస్తాం, గుర్రం కక్కలేదు. అందుకని దాని నోటిదాకా ఏది పోతుందో చూసుకోవడమే సయీసు పని, తోమడం, జీను కట్టడం అన్నీ తర్వాత. కూతురికి పక్కటెముకల వెనక చెవి ఆనించి వినడం నేర్పాడు. లోపల గడగడమని చప్పుడు వస్తుంటే ఫికర్ లేదు. చప్పుడు ఆగితే మాత్రం అన్నం ముందునుంచి కూడా లేచి పరుగెత్తాలి.

దొర జీపు కొన్నాక గుర్రాలు పోయాయి, గుర్రాల తర్వాత కొన్నాళ్ళకు యోనా పోయాడు. సాయమ్మ బాయిలో పనిచేసేవాణ్ణి పెళ్ళాడి ఖనికి వచ్చింది. మొగుడు జ్వరం తగిలి ఐదో రోజున కన్నుమూస్తే, ఎవరి గడపా తొక్కకుండా కొడవలి పట్టుకుంది.

గడ్డి కోసేవాళ్ళు ఇంకా నలుగురైదుగురు ఉండేవారు. బాయిలోంచి మోటార్లు తోడిపోసే నీళ్ళు కాలవ కట్టి పారేవి. దాని గట్ల మీద ఎండాకాలంలో కూడా గడ్డి ఏపుగా ఉండేది. వాళ్ళు అక్కడే కోసి, అక్కడే కట్టి, నల్లటి దుమ్ముతో సహా తెచ్చి అమ్మేవారు. సాయమ్మ ఆ కాలవ దాటి ఇంకో కోసెడు నడిచి గోదావరి ఒడ్డుకు పోయేది. గరిక చూసి కోసేది. చిన్న చిన్న కట్టలు కట్టి ఒక్కోదాన్ని ఏటినీళ్ళలో మూడుసార్లు ముంచి జాడించేది. ఆ తడిమోపు నెత్తిన పెట్టుకుని వస్తుంటే మెడ విరిగేంత బరువు. "గడ్డికి తానం పోసే పిచ్చిది" అని తోటివాళ్ళు నవ్వితే, "మీ కాలువగడ్డిని పొయ్యిల పెట్టుకోరాదుండ్రి, బొగ్గు కొనే బాధ తప్పుతది" అనేది.

ఆదివారం మాత్రం కొడవలి ముట్టేది కాదు. క్వార్టర్ల వెనక రేకుల షెడ్డులో ఉన్న చర్చిలో ముందు వరసలో తెల్లచీరతో కూర్చునేది. అందుకని శనివారం రెట్టింపు గడ్డి తెచ్చి ఇస్తూ ప్రతి శనివారం ఒకటే మాట చెప్పేది: కుప్ప పెట్టొద్దు, పలుచగా ఆరబోయండి, లేకపోతే లోపల వేడెక్కి పులుస్తుంది. ప్రతి శనివారం అందరూ తలూపేవారు. ప్రతి శనివారం అందరూ కుప్ప పెట్టేవారు. సోమవారం పొద్దున వచ్చేసరికి రెండు మూడు గుర్రాల పొట్టలు ఉబ్బి ఉండేవి. అప్పుడు ఆ యజమానులకు ఆమె చేసే మర్యాద చూడటానికి హోటలు ముందు జనం గ్లాసులు పట్టుకుని నిలబడేవారు.

నిజం చెప్పాలంటే ఆ జనం కూడా ఆమెకు అలవాటైపోయారు. తిట్టు కొత్తగా పడితే నవ్వు గట్టిగా వచ్చేది. నవ్వు గట్టిగా వస్తే మరో తిట్టు దానంతటదే తయారయ్యేది. ఒకసారి ఒక కాంట్రాక్టరు కొడుకు పెళ్ళికి తెచ్చిన అద్దెగుర్రానికి బంధువులంతా ముద్దుచేస్తూ లడ్డూలు తినిపించారు. ఊరేగింపు నడిబజారుకు వచ్చేసరికి ఆ గుర్రం బ్యాండువాళ్ళ మీద చేయాల్సిందంతా చేసింది. పెళ్ళికొడుకు కళ్ళనీళ్ళ పర్యంతమై కూర్చుంటే, సాయమ్మ రోడ్డు పక్కన నిలబడి, "గుర్రాన్ని ఏమనకుండ్రి, అది కట్నం చదివిచ్చింది" అన్నది. ఆ మాట నెలరోజులు ఖనిలో తిరిగింది. ఆమె చెవినా పడింది. పడినప్పుడల్లా కొంగు సర్దుకునేది.

డెబ్భైలో సదయ్య అడ్డాకు వచ్చాడు.

పద్నాలుగేళ్ళు బాయిలో పనిచేసిన మనిషి. పొడుగ్గా, వంగి, గట్టిగా మాట్లాడితే ఎవరైనా బాధపడతారేమోనన్నట్టుండేవాడు. రొమ్ము పాడైంది. దగ్గితే నల్లగా పడేది. ఇంక దిగలేనని పని మానుకుని, చేతికొచ్చిన డబ్బంతా పెట్టి ఒక పాత టాంగా, చాందిని అనే తెల్ల ఆడగుర్రం కొన్నాడు. తెల్లదని పేరే గానీ ఖని దుమ్ములో అది ఏ రోజూ తెల్లగా లేదు. సదయ్య పొద్దున కడిగితే సాయంత్రానికి బూడిదరంగుకు వచ్చేది. మళ్ళీ కడిగేవాడు. అతనికీ భార్య మల్లక్కకూ, ఇంట్లో ఉన్న ముగ్గురు ఆడపిల్లలకూ ఆ గుర్రం నడిస్తేనే పొయ్యి వెలిగేది. అయినా అతను కొరడా కొనలేదు. అడ్డావాళ్ళకు అదొక వింత.

బాయిలో పనిచేసేవాళ్ళకు ఒక అలవాటు ఉంది. షిఫ్టు దిగి పైకి రాగానే ఒక బెల్లంముక్క బుగ్గన పెట్టుకుంటారు. గొంతులో, కడుపులో చేరిన బొగ్గుదుమ్మును బెల్లం కిందికి దించుతుందని నమ్మకం. సదయ్య పద్నాలుగేళ్ళు ఆ ముక్క చప్పరించాడు. ఇప్పటికీ ఆయాసం వస్తే అదే చప్పరిస్తాడు, కాస్త నిమ్మళించినట్టుంటుంది. మరి చాందిని కూడా తనతోపాటు అదే దుమ్ములో తిరుగుతోంది, అదే గాలి పీలుస్తోంది. తనకు మంచి చేసింది దానికి ఎందుకు చేయదు? స్టేషన్ చేరితే ఒక ముక్క, ఖని చేరితే ఒక ముక్క. గుర్రం అతని జేబు వాసన పట్టి వెంటపడేది. షిఫ్టు దిగి టాంగా ఎక్కిన కార్మికులు కూడా, "పాపం, ఇది గూడ దుమ్ముల్నే తిరుగబట్టె" అని తమ ముక్కలో సగం విరిచి దాని నోట్లో పెట్టడం మొదలుపెట్టారు. బాయిలోకి ఒక్కసారి కూడా దిగని చదువుకున్నవాళ్ళకు ఈ పిచ్చి పట్టేది కాదు. బొగ్గుతో కడుపు నిండిన ఊళ్ళోనే ఇది పుడుతుంది.

ఒకరోజు సదయ్య సాయమ్మ దగ్గరికి వచ్చాడు. తువ్వాలు భుజం మీదినుంచి తీసి చేతిలో పట్టుకుని మరీ అడిగాడు.

"సాయమ్మక్కా, ఉలవలు నానబెట్టాల్నా, ఉడకబెట్టాల్నా? పూటకు ఎన్ని పెట్టాలె? నాకు తెల్వదు. నువ్వైతె ఎర్కున్నదానివి."

అక్కడితో ఆగి ఉంటే ఏమయ్యేదో. మంచి మనసుతో ఇంకోమాట కూడా అన్నాడు. "గడ్డి తక్కువ జేసిన అక్కా. బొగ్గుదుమ్ము ఉంటది గద, కడుపుల రాయి కడ్తదని భయమైతాంది. దాని బదులు బెల్లం జర ఎక్కువ పెడ్తాన."

సాయమ్మ నెత్తిమీద మోపు ఇంకా దించలేదు. ఏటినీళ్ళు మెడ మీదుగా వీపులోకి కారుతున్నాయి. ఆ గడ్డిని, మూడు మునకలు వేసి తెచ్చిన గడ్డిని పట్టుకుని, నిన్నమొన్న గుర్రం మొహం చూసినవాడు దుమ్ము అంటున్నాడు. ఆమె మోపు ధబాలున పడేసింది. హోటలు ముందు గ్లాసులు ఆగాయి.

"ఆహా! వచ్చినవా డాక్టరూ! ఇన్నారా అందరు? గడ్డి తింటె గుర్రానికి రోగమట, బెల్లం తింటె బలమట! ఇగ నువ్వు ఉలవలు నానబెట్టుడెందుకు సదయ్యా, పాకం బట్టి అరిసెలు జెయ్యి. మల్లక్కకు చెప్పు, నెయ్యి గూడ పోస్తది. రేపటిసంది గుర్రాన్ని పీట మీద కూసోబెట్టి ఇస్తర్ల వడ్డించు. నువ్వేమో పోయి బండి నొగల నడుమ నిలవడు. ఎట్లాగూ నీకంటె దానికే జర తెలివి ఎక్కువున్నది, బండి అదే తోల్తది!"

అడ్డా అంతా కడుపు పట్టుకుని నవ్వింది. నర్సింగమైతే, తన వంతు ఇంకోడికి పడిందన్న సంతోషంలో, తలపాగా ఊడేలా నవ్వాడు. సదయ్య కూడా నవ్వాడు, ఏం చేయాలో తోచక. తర్వాత మెల్లగా తువ్వాలు భుజాన వేసుకుని పోయి చాందిని మెడ పక్కన నిలబడ్డాడు. ఆ రోజునుంచి అతని పేరు బెల్లం సదయ్య.

మళ్ళీ అతను ఆమెను ఏమీ అడగలేదు. ఆమె గడ్డి కూడా కొనలేదు.

సాయమ్మ మాత్రం చూస్తూనే ఉంది. చూడకుండా ఉండలేకపోయింది. చాందిని లద్ది మొదట మెత్తబడింది, తర్వాత జిగటగా, పుల్లటి వాసనతో పడింది. బండికి కట్టి నిలబెట్టినప్పుడు అది గోడకున్న మట్టి నాకింది. గడ్డి దొరక్క నొగ కొరికింది. ఇవన్నీ పలక మీద రాసినంత స్పష్టంగా ఆమెకు అర్థమయ్యాయి. పది అడుగులు వేసి, "బెల్లం బందువెట్టు, గడ్డి పెట్టు" అంటే అయిపోయేది. వేయలేదు. "అడిగితె చెప్తగని, నా అంతట నేను పోయి చెప్పాల్నా గా మొకానికి?" అనుకుంది. పైగా నర్సింగంతో, "నెలరోజులల్ల పడ్తది సూడు గా గుర్రం" అని పందెం వేసినట్టు చెప్పింది. ఆ చెప్పడంలో ఆమెకు కొంత తృప్తి కూడా కలిగింది.

వానలు వెనకబట్టిన ఒక ఆదివారం అది. జీతాలు వచ్చిన వారం. ఖనిలో అంగడి, స్టేషన్‌లో జనం. ఆ రోజు గిరాకీ బాగుంటుందని సదయ్య పొద్దున్నే ఒక ట్రిప్పు వేసి వచ్చి, పొద్దంతా తిరగడానికి సత్తువ ఉండాలని చాందినికి సంచి నిండా పచ్చి ఉలవలు పెట్టాడు. అందులో బెల్లం నలిపి కలిపాడు. మంచిగా తిన్నదని మురిసి బకెట్టు నీళ్ళు తాగించాడు. కాసేపటికి గుర్రం ముందుకాలితో నేల గీరడం మొదలుపెట్టింది.

ఆ రోజు స్తెఫను పాస్టరు ప్రార్థన తొందరగా ముగించలేదు. ఆయన ఏ ఆదివారమూ అట్లా ముగించినవాడు కాదు. ఆయన దేవుడికి ఖనిలోని ప్రతి క్వార్టరు సమాచారం పేరుపేరునా విన్నవించి ఆమెన్ అనేసరికి పన్నెండు దాటింది. సాయమ్మ చెప్పులు తొడుక్కుని గేటు దగ్గరికి వస్తే ఎదురుగా రోడ్డు మీద జనం. మధ్యలో చాందిని. ఒళ్ళంతా చెమటతో తడిసి బూడిదరంగు చారలు కట్టింది. పొట్ట రెండువైపులా డప్పులా బిగుసుకుంది. సదయ్య పగ్గం పట్టుకుని దాన్ని గుండ్రంగా తిప్పుతున్నాడు. ఇద్దరి నడకా ఒకేలా ఉంది.

"ఏం సదయ్యా, అరిసెలు పెట్టినవా? బూరెలు గూడనా?" అలవాటుగా నోరు ముందు అనేసింది. కాళ్ళు మాత్రం అప్పటికే పరుగెత్తుతున్నాయి.

ఆమె చాందిని పక్కటెముకల వెనక చెవి ఆనించింది. ఆ వైపుకు తిరిగి అక్కడా ఆనించింది. ఏ చప్పుడూ లేదు.

"ఎప్పటిసంది?"

"చర్చి గంట కొట్టకముందుగాల."

"మూడు గంటలైంది గదరా! గీడికి ఎప్పుడొచ్చినవ్?"

"గప్పుడే వచ్చిన."

"గప్పుడే వచ్చి?"

సదయ్య పగ్గం వంక చూశాడు. ఆలస్యంగా చర్చికి వచ్చిన ఒకామె జవాబు చెప్పింది: "నేను లోపటికి పోయి పిలుస్త అన్న సాయమ్మా. వద్దన్నడు. ప్రార్థన అయిపోనియ్యి అన్నడు."

తిట్టడానికి కూడా తీరిక లేదు. అయినా తిడుతూనే ఉంది. పరుగెత్తుకొచ్చిన మల్లక్కను తిట్టి వాము, ఇంగువ, ఉప్పు వేసి నీళ్ళు కాయించింది. ఎవరి ఇంట్లోనుంచో ఆముదం తెప్పించింది. వెదురు గొట్టం చెక్కించి, స్తెఫను పాస్టరు చేత గుర్రం తల పైకి పట్టించింది. ఆయన తెల్లచొక్కా మీద ఆముదం కారితే, "దేవునికి ఏం గాదయ్యగారూ, గట్టిగ పట్టుండ్రి" అన్నది. గడ్డి చుట్ట చుట్టి పొట్ట కింద రుద్దింది, చేతులు పడిపోయేదాకా రుద్దింది. చాందిని దబ్బున పడి దొర్లబోతే నలుగురితో లేపించింది. మళ్ళీ పడింది, మళ్ళీ లేపించింది. ఆదివారం కట్టుకున్న తెల్లచీర మట్టిలో, నూనెలో, చెమటలో పూర్తిగా పోయింది. నిలబడి చూస్తున్నవాళ్ళను, ఉలవలు అమ్మినవాణ్ణి, బెల్లం వండినవాణ్ణి, టాంగా కనిపెట్టినవాణ్ణి, అందర్నీ కడిగేసింది. సదయ్యను మాత్రం ఒక్కమాట అనలేదు. ఎందుకు అనలేకపోతోందో ఆలోచించే తెరిపి దొరకలేదు.

మధ్యాహ్నం మూడు గంటలప్పుడు చాందిని ఉన్నట్టుండి నెమ్మదించింది.

పొట్ట వంక చూడటం మానేసింది. కాలు గీరలేదు. తల దించుకుని, కళ్ళు సగం మూసి, ఊరికే నిలబడింది.

"తగ్గింది అక్కా!" సదయ్య అందరి వంకా తిరిగాడు. "సూడు, సూడు, ఊకున్నది! ఓ మల్లీ, తగ్గిందే!"

మల్లక్క అక్కడే నేలమీద కూలబడి కొంగులో మొహం దాచుకుని ఏడ్చింది. జనం, "సాయమ్మ చెయ్యంటే చెయ్యే" అని మెచ్చుకుంటూ ఇళ్ళకు పోయారు. స్తెఫను పాస్టరు దేవుడికి స్తోత్రం చెప్పి చొక్కా మార్చుకోవడానికి వెళ్ళాడు.

సాయమ్మ గుర్రం చెవి పట్టుకుంది. చల్లగా ఉంది. పెదవి ఎత్తి చూసింది. చిగుళ్ళు నీలంగా తిరిగాయి. చిన్నప్పుడు గడిలో ఒక ఎర్రగుర్రం ఇట్లాగే రోజంతా కొట్టుకుని, ఇట్లాగే హఠాత్తుగా నెమ్మదించింది. దొర సంతోషపడి ఇనాం ఇవ్వబోతే యోనా తీసుకోలేదు. కొట్టం గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. లోపల తిండిసంచి పగిలితే నొప్పి పోతుందని, గంటో రెండు గంటలో మిగులుతాయని కూతురికి తర్వాత చెప్పాడు.

ఆమె చర్చి గోడకు ఆనుకుని కూర్చుంది. సదయ్య పగ్గం వదలకుండా వచ్చి కొంచెం ఎడంగా కూర్చున్నాడు. దగ్గు వచ్చింది, తువ్వాలులో దగ్గుకున్నాడు.

"లోపటికి వచ్చి పిలువకపోతివి?" సాయమ్మ అడిగింది.

"పిలుద్దామనే వచ్చిన అక్కా. గడప దాంక వచ్చిన. పాట పాడుతాండ్రు. నువ్వు ముందల కూసున్నవ్. గంతమంది ఉన్నరు..." పగ్గం వేలికి చుట్టుకున్నాడు. "నువ్వు తప్పు మాట ఏం అన్లే. నాకు తెల్వకపాయె, అన్నవ్. కాని గందరి ముందల మల్ల అంటవేమోనని, అడుగు వెయ్యబుద్ధి గాలె. నీ నోటికి భయపడ్డ."

సాయమ్మకు సిగ్గేసింది. జీవితంలో ఆకలేసింది, కోపమొచ్చింది, ఏడుపొచ్చింది గానీ సిగ్గు ఇంతగా ఎప్పుడూ వేయలేదు. మూడు గంటలు తను లోపల గొంతెత్తి పాడుతుంటే ఈ మనిషి బయట ఎండలో నిలబడ్డాడు. మొదటి గంటలో పిలిచి ఉంటే గుర్రం బతికేది. నెల కింద పది అడుగులు తనే వేసి ఉంటే ఈ రోజే వచ్చేది కాదు. ఈ రెండూ ఆమెకు తెలుసు. అతనికి ఏదీ తెలియదు.

"ఇగనుంచి గట్ల చెయ్య" అన్నాడు సదయ్య. మొహం తేటపడింది. "ఏం పెట్టాలె, ఎట్ల పెట్టాలె, నువ్వే చెప్పక్కా. తిట్టుకుంట చెప్పినా సరే. అన్ని యాది వెట్టుకుంట."

గుర్రం దక్కదని చెప్పెయ్యాలనుకుంది. చాందిని వంక చూసింది. అతని వంక చూసింది. ఆమె నోరు తెరిచింది గానీ బయటికి వచ్చింది వేరేమాట.

"ముందుగాల నీళ్ళు పెట్టాలె సదయ్యా. దాణా తిన్నంక గాదు, తినకముందు. పని దిగంగనే ఏం పెట్టొద్దు. జరసేపు తిప్పు, చెమట ఆరనియ్యి."

"ముందుగాల నీళ్ళు" అని సదయ్య చిటికెనవేలు మడిచాడు.

"గడ్డి ఎప్పటికి దాని మూతి ముందల ఉండాలె. దానికి గడ్డే అన్నం, ఉలవలు కూర అసొంటియి. ఉలవలు మెత్తగ ఉడకబెట్టు, చల్లారినంక దోసెడు పెట్టు. గుప్పెడు తవుడు, జరంత ఉప్పు. ఒక్కపాలే నింపొద్దు, పొద్దున జరంత, పగటాల జరంత, రాత్రికి జరంత. గిరాకి ఎక్కువున్న నాడు గూడ గంతే."

"దోసెడు. మూడు పూటలు."

"కొత్తది పెట్టాల్నంటె ఒక్క దినంల మార్చకు. వారం పదిదినాలు పట్టాలె, పాతది తగ్గించుకుంట కొత్తది పెంచాలె. గడ్డి మీద దుమ్ముంటదన్నవ్ సూడు, నిజమే, ఉంటది. గందుకే నీళ్ళల్ల జాడించాలె. నేను జాడిస్త. నువ్వు గూడ ఇంకొకపాలి జాడించు, తప్పులేదు. తెల్లారంగ లేవంగనే లద్ది సూడు. కింద పడంగనే విచ్చుకుంటె మంచిది. జిగటున్నా, గట్టిగున్నా, ఆ దినం దాణా బంద్ పెట్టు, ఉట్టి గడ్డే పెట్టు. నా తానకు రా. ఎప్పుడైన రా. చర్చిల ఉన్నా సరే, లోపటికి వచ్చి పిలువు."

ఇంత మెత్తగా, ఇంతసేపు, ఒక్క తిట్టు లేకుండా ఆమె మాట్లాడటం ఎవరూ వినలేదు. మాట ఆపితే అసలు సంగతి చెప్పాల్సి వస్తుందని ఉప్పు గురించి మళ్ళీ చెప్పింది, నీళ్ళ గురించి మళ్ళీ చెప్పింది. సదయ్య విసుక్కోకుండా విన్నాడు. అంతా అయ్యాక వేళ్ళు మడుస్తూ మొదటినుంచి అప్పజెప్పాడు. ఎక్కడా తప్పు పోలేదు. తర్వాత ఆమె వంక ఆశ్చర్యంగా చూశాడు.

"గింతేనా అక్కా?"

"గింతే."

"గింత అల్కటి ముచ్చటనా! నేనేందో పెద్ద ఇద్దె అనుకున్న. ఇది గానాడే చెప్తే అయిపోతుండె గద." అందులో నిష్ఠూరం లేదు. నిజంగానే అంత సులువా అని మురిసిపోతూ అన్నాడు.

చాందిని ముందుకాళ్ళు వణికాయి. మోకాళ్ళ మీదికి వంగి, మెల్లగా పక్కకు ఒరిగింది. "అలిసిపోయింది, పండనియ్యి" అని సదయ్య టాంగాలోంచి గోనెసంచి తెచ్చి దాని తల కింద పరిచాడు. సాయమ్మ ఆ సంచి కొస సరిచేసి, గుర్రం మెడ మీద చేయి వేసి, అతను తన మొహం చూడకుండా అటు తిరిగి కూర్చుంది.